మ్యూర్ వుడ్స్: పదిహేను డాలర్ల నిశ్శబ్దం

శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల్లో, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ వారాంతపు తిరుగుళ్ళకు దాదాపు ఒకే జాబితా ఉంటుంది: పొద్దున గోల్డెన్ గేట్ వంతెన దగ్గర ఫొటోలు, మధ్యాహ్నం మ్యూర్ వుడ్స్‌లో ఓ గంట నడక, తిరుగు దారిలో ఎక్కడో ఒకచోట దోసెలు. నేనూ ఈ జాబితా ప్రకారమే పదేళ్ళలో నాలుగుసార్లు ఆ అడవికి వెళ్ళాను. నాలుగుసార్లూ శనివారం మధ్యాహ్నమే వెళ్ళి, "బాగుంది కానీ జనం ఎక్కువ" అని చెప్పి వచ్చాను. మొన్న జూన్‌లో హనుమకొండ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను ఒక మంగళవారం, అడవి తెరిచే ఎనిమిది గంటలకే తీసుకువెళ్ళాక, అంతకుముందు నాలుగుసార్లూ నేను అక్కడ ఎక్కువగా చూసినవి ముందు నడిచేవారి వీపులేనని తెలిసింది. కాబట్టి ఈ సమీక్షలో నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది ఒక్కటే: అక్కడ టికెట్టు పెట్టి మనం కొనుక్కునేది నిశ్శబ్దం, అది పొద్దున మొదటి గంటన్నరలోనే దొరుకుతుంది.

గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా పది, పన్నెండు మైళ్ళు వెళితే మారిన్ కౌంటీలో ఒక ఇరుకు లోయలో ఉంటుంది ఈ అడవి. మొత్తం విస్తీర్ణం 550 ఎకరాల పైచిలుకు; అందులో గొడ్డలి పడని పాత అడవి దాదాపు 240 ఎకరాలు. ఈ అడవికి పేరు తెచ్చినవి రెడ్‌వుడ్ అనే మహావృక్షాలు; వాటిలో అత్యంత ఎత్తయినది 258 అడుగులు, అంటే చార్మినారు మినార్ల కన్నా చాలా ఎత్తు. వయసులో చాలావరకు 500 నుంచి 800 ఏళ్ళ మధ్యవి. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్టు కూడా ఈ జాతిదే గాని అది ఇక్కడ లేదు. దాని సంగతి తరువాత.

వెళ్ళే ముందు చేయవలసిన పని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఇబ్బంది పడేది ఇక్కడే. 2018 జనవరి నుంచి కారు పార్కింగుకైనా, షటిల్ బస్సుకైనా ముందుగా రిజర్వేషన్ చేసుకోవడం తప్పనిసరి. అంతకుముందు ఏటా పది లక్షల మంది వచ్చేవారట. కొండ దారి వెంబడి మైలు పొడవునా కార్లు నిలిపేసి, మనుషులు ఆ ఇరుకు రోడ్డు అంచునే నడిచేవారు. ఇప్పుడు అరగంట వ్యవధి గల ఒక స్లాటు తీసుకుని ఆ సమయంలో చేరుకోవాలి. ప్రవేశ రుసుము పదహారేళ్ళు నిండినవారికి తలకు 15 డాలర్లు, పిల్లలకు ఉచితం. పార్కింగు డబ్బు దానికి అదనం. జాతీయ పార్కుల వార్షిక పాసు ఉంటే అది పాసున్న మనిషితో పాటు మరో ముగ్గురు పెద్దలకు పనిచేస్తుంది, కాబట్టి అమ్మానాన్నలను తీసుకువెళ్ళేవారికి గిట్టుబాటే. పార్కింగు మాత్రం ఆ పాసులో రాదు. వృద్ధుల పాసు అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రమే ఇస్తారు గనుక విజిటర్ వీసా మీద వచ్చిన మన పెద్దవాళ్ళకు అది వర్తించదు.

లోయలోకి దిగాక ఫోనుకు సిగ్నల్ ఉండదు, వైఫై కూడా లేదు. ఈ మాట రిజర్వేషన్ పంపే ఈమెయిల్‌లో స్పష్టంగా రాసి ఉన్నా మొదటిసారి నేను చదవలేదు. తీరా అక్కడికి చేరి, తెరుచుకోని ఈమెయిల్‌ను వేలితో కిందికి లాగుతూ కూర్చుని, చివరకు సిగ్నల్ కోసం మళ్ళీ కొండెక్కాను. ఇంట్లో ఉండగానే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. దారి విషయానికి వస్తే, హైవే వదిలాక చివరి కొన్ని మైళ్ళు తిరుమల ఘాట్ రోడ్డును తలపించే మలుపులు. మా అమ్మ వెనక సీట్లో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నది. వాంతుల బెడద ఉన్నవారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి, తిరుగు ప్రయాణందాకా టిఫిను తగ్గించండి.

మేము కారు దిగేసరికి వాన పడుతున్నదనుకున్నాం. ఆకాశం కనబడదు, నేల తడిగా ఉంది, పైనుంచి చుక్కలు రాలుతున్నాయి. పార్కింగు స్థలం మధ్యలోకి వచ్చి నిలబడితే మాత్రం చినుకు లేదు. చెట్ల కిందే పడుతున్నది. అది పొగమంచు. వేసవిలో కాలిఫోర్నియాలో వానలు ఉండవు. పసిఫిక్ మీదుగా వచ్చే పొగమంచు ఈ చెట్ల కొసలకు తగిలి, సన్నని ఆకుల మధ్య చిక్కుకుని, నీటి చుక్కలై వేళ్ళ దగ్గరికి జారుతుంది. ఒక ఏడాదిలో రెడ్‌వుడ్ అడవికి అందే నీటిలో మూడో వంతు దాకా ఇలా పొగమంచు నుంచి వచ్చేదేనని పరిశోధకులు లెక్కగట్టారు. ఒరెగాన్ దక్షిణపు అంచు నుంచి బిగ్ సర్ దాకా, సముద్రానికి దగ్గరగా సాగే ఒక సన్నని పట్టీలో తప్ప ఈ చెట్లు సహజంగా మరెక్కడా పెరగకపోవడానికి ఈ మంచే ప్రధాన కారణం. జూన్ నెల కదా అని పలుచని చొక్కాతో వచ్చిన నాన్న కారులోని నా స్వెట్టరు అడిగి వేసుకున్నారు. ఏ కాలంలో వెళ్ళినా ఒక స్వెట్టరు ఉండాలి.

నడక దారిలో అడ్డంగా కోసిన ఒక పాత రెడ్‌వుడ్ మాను పలకను నిలబెట్టి ఉంచారు. దాని వలయాల మీద ఏ ఏడు ఎక్కడికి వస్తుందో గుర్తులు పెట్టారు: నడిమధ్యన 909, చివరన 1930, మధ్యలో ఇంగ్లండు రాజు మాగ్నా కార్టా అనే హక్కుల పత్రానికి ఒప్పుకున్న 1215, కొలంబస్ ఓడలు ఒడ్డుకు చేరిన 1492, అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1776. సోషల్ టీచరుగా రిటైరైన మా నాన్న ఆ పలక ముందు పావుగంట నిలబడ్డారు. మాగ్నా కార్టా గుర్తుకు వెంట్రుక వాసి లోపల చూపుడు వేలు ఆనించి, "ఇది మన రామప్ప, 1213" అన్నారు. అక్కడినుంచి వేలు లోపలికి జరిపి వేయి స్తంభాల గుడికి 1163 అని, బయటికి జరిపి కృష్ణదేవరాయల పట్టాభిషేకానికి 1509 అని, ఇంకాస్త జరిపి చార్మినారుకు 1591 అని వరుసగా చెప్పుకుపోయారు. రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరంలో గద్దెనెక్కేనాటికే ఈ చెట్టుకు వందేళ్ళు దాటాయన్న లెక్క తేలాక ఆయన ముఖంలో కనబడిన సంతోషం, గోల్డెన్ గేట్ వంతెన దగ్గర నాకు కనబడలేదు. వెళ్ళేవారెవరైనా మన చరిత్రలోని నాలుగు తేదీలు గుర్తుపెట్టుకుని వెళ్ళమని నా సలహా. అక్కడ రాసినవన్నీ వేరే దేశాల తేదీలు, మన కొలబద్దను మనమే తీసుకువెళ్ళాలి.

చెట్టును దగ్గరగా చూడడం గురించి ఒక మాట. అందరూ మెడ వెనక్కి విరిచి కొసను వెతుకుతారు. కొస కనబడదు, మెడ నొప్పి మిగులుతుంది. కళ్ళకు ఎదురుగా ఉన్న బెరడు చూడండి. అది మన తుమ్మ బెరడులా గట్టిగా ఉండదు; కొబ్బరి పీచును నిలువుగా పేర్చి అదిమినట్టు, కొంచెం మెలి తిరిగి, వేలితో నొక్కితే లోపలికి ఒదిగేంత మెత్తగా ఉంటుంది. పెద్ద చెట్లలో ఈ బెరడు ఒక అడుగు మందం దాకా ఉంటుంది, అందులో వగరుగా ఉండే టానిన్ దండిగా ఉంటుంది, సులువుగా అంటుకునే బంక ఉండదు. అందుకే మొదలు దగ్గర బొగ్గులా కాలి, మనిషి నిలబడేంత తొర్ర పడిన చెట్లు కూడా పైన పచ్చగా కనబడతాయి.

ఇంత పెద్ద చెట్టు కాయ మాత్రం రేగుపండంత, అందులోని గింజ టమాటా గింజంత. అయితే ఈ చెట్టు గింజను పెద్దగా నమ్ముకోదు. అరటికి వచ్చినట్టు మొదలు దగ్గరే పిలకలు వేస్తుంది. తల్లి చెట్టు కూలిపోయినా, కాలిపోయినా దాని వేళ్ళనుంచి లేచిన పిలకలే చుట్టూ వలయంగా పెరిగి కొన్ని వందల ఏళ్ళకు మహావృక్షాలవుతాయి. నడక దారిలో మూడు, నాలుగు చోట్ల మానులు గుండ్రంగా కూటమి కట్టినట్టు నిలబడి, మధ్యలో ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీలో ఒకప్పుడు తల్లి ఉండేది. ఇది తెలియకముందు నేను ఆ వలయాల మధ్య నిలబడి ఫొటోలు దిగాను, అదీ కంచె దాటి. వేళ్ళు లోతుగా దిగవు, చాలావరకు పది, పదమూడు అడుగుల లోపే ఆగి పక్కలకు వంద అడుగుల దాకా పాకుతాయి గనుక వాటి మీద మనం తొక్కే ప్రతి అడుగూ నేలను గట్టిపరుస్తుంది. చెక్కల బాట వేసినదీ, కంచెలు కట్టినదీ అందుకే.

ఆ బాట చదునుగా, చక్రాల కుర్చీ కూడా సాగేలా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు నిశ్చింతగా నడవవచ్చు. వాగు మీద వరసగా నాలుగు వంతెనలు ఉన్నాయి: రెండో వంతెన దగ్గర తిరిగితే అర మైలు, మూడో దాని దగ్గర తిరిగితే ఒక మైలు, నాలుగో దానిదాకా వెళ్ళి వస్తే రెండు మైళ్ళు. మేము మూడోదాని దాకా వెళ్ళాం. దానికి దగ్గర్లోని కెథీడ్రల్ గ్రోవ్ అనే చోటే ఈ అడవికి గుండెకాయ. అడుగుపెట్టే ముందు మౌనంగా రమ్మని కోరే ఒక బోర్డు ఉంటుంది. ఆ పొద్దున అక్కడ మేము ముగ్గురం, దూరాన కెమెరా కాళ్ళు సర్దుకుంటున్న ఒక పెద్దాయన, అంతే. ఒక బల్ల మీద కూర్చున్నాం. ముందు మంచు చుక్కలు ఫెర్న్ ఆకుల మీద పడే చప్పుడు వినిపించింది, తరువాత వాగు, తరువాత ఎక్కడో చాలా పైన ఒకే ఒక పక్షి. ఇక్కడ పక్షులు తక్కువ. టానిన్ వల్ల ఈ చెట్లను పురుగులు ఆశ్రయించవు; పురుగులు లేనిచోట వాటిని తినే పక్షులు గుంపులుగా చేరవు. మన అడవుల్లో పొద్దున వినిపించే కలకలం ఇక్కడ ఉండదు. ఆ మౌనం మొదటి రెండు నిమిషాలు చెవులకు కొంచెం బరువుగా ఉంటుందని కూడా చెప్పాలి, తరువాత అలవాటవుతుంది.

ఆ బోర్డు పని చేస్తుందా అని కొన్నేళ్ళ కిందట పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొన్ని రోజులు నిశ్శబ్దం పాటించమనే బోర్డులు పెట్టి, కొన్ని రోజులు తీసేసి, శబ్దాన్ని యంత్రాలతో కొలిచారు. బోర్డులున్న రోజుల్లో చప్పుడు గుర్తించదగినంత తగ్గింది. మనుషులు చెబితే వింటారన్నమాట, కనీసం చెట్ల మధ్యనైనా. 1945 మే 19న, ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమైన దేశదేశాల ప్రతినిధులు, అంతకు నెల ముందే మరణించిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు నివాళి అర్పించడానికి ఈ చోటికే వచ్చారు. దాని గుర్తుగా ఒక ఫలకం ఉంది.

తొమ్మిదింపావుకు మంచు పలచబడింది. తొమ్మిదిన్నరకు ఒక ఎండ కడ్డీ నేల మీద పడింది. అప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. చెట్ల మొదట్లో నేలంతా మూడు గుండె ఆకారపు రేకులతో పరుచుకున్న మొక్కను పొద్దుననే చూసి, "ఇది మన పులిచింతాకే గదరా" అన్నది. నిజమే, అది ఆ కుటుంబానికే చెందిన రెడ్‌వుడ్ సారెల్. ఇప్పుడు ఎండ పడినంత మేరా ఆ ఆకులు గొడుగు మూసినట్టు కిందికి ముడుచుకుంటున్నాయి, నీడలో ఉన్నవి విచ్చుకునే ఉన్నాయి. నీడకు అలవాటు పడిన ఆ మొక్క నేరుగా తగిలే ఎండను తట్టుకోలేక, కొన్ని నిమిషాల్లోనే అలా ముడుచుకుంటుంది. మేము కదలకుండా చూస్తుండగానే ఎండకూ నీడకూ మధ్య గీత గీసినట్టయింది. ఆ పక్కనే, బాట అంచున, వేలెడు పొడవున పసుపుపచ్చగా ఒకటి పాకుతున్నది. "పసుపు రాసుకున్న జలగ లెక్క ఉన్నదిరా" అని అమ్మ వెనక్కి జరిగింది. అది బనానా స్లగ్, పెంకు లేని నత్త. ఎవరినీ ఏమీ చేయదు, రాలిన ఆకులు తిని మట్టి చేస్తుంది.

పదింటికి మొదటి టూరు బస్సుల వాళ్ళు వచ్చారు. పదిన్నరకు అడవి మారిపోయింది. బాట మీద ఎదురెదురుగా వచ్చేవారు ఒకరికొకరు దారి ఇచ్చుకోవలసి వచ్చింది, పిల్లలు పరుగులు తీశారు, ఒక కుటుంబం స్పీకరులో పాటలు పెట్టుకుని వచ్చింది. ఆ పాటలు తెలుగు పాటలు కావడం వల్ల నాకు ఇంకొంచెం సిగ్గేసింది. పరిచయం చేసుకుని ఆపమందామా అనుకుని, చివరకు ఆ బోర్డు వైపు చెయ్యి చూపించి నవ్వాను. ఆపేశారు, "సారీ అన్నా" అన్నారు. అంతకన్నా గొడవ అక్కరలేకపోయింది.

ఈ అడవి ఎలా మిగిలిందన్న కథ దారిలోని బోర్డుల మీద ఉంటుంది. 1905లో విలియం కెంట్, ఎలిజబెత్ థాచర్ కెంట్ దంపతులు ఇక్కడ 611 ఎకరాలను 45,000 డాలర్లకు కొన్నారు. 1907లో ఒక నీటి కంపెనీ వాగుకు ఆనకట్ట కట్టి లోయను ముంచడానికి, కోర్టు ద్వారా ఆ భూమిని స్వాధీనం చేసుకోవాలని చూసింది. కెంట్ దంపతులు అప్పుడు 295 ఎకరాలను కేంద్ర ప్రభుత్వానికి దానంగా రాసిచ్చారు. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. మీ పేరే పెడదామని రూజ్‌వెల్ట్ అంటే విలియం కెంట్ ఒప్పుకోక, ప్రకృతి రక్షణకు పాటుపడిన జాన్ మ్యూర్ పేరు పెట్టించారు. ఇంతవరకు ముచ్చటైన కథ. అయితే అదే కెంట్ కాంగ్రెస్ సభ్యుడయ్యాక, 1913లో, యోసెమిటీ జాతీయ పార్కులోని హెచ్ హెచీ లోయను ముంచే ఆనకట్టకు మద్దతిచ్చారు; ఆ ఆనకట్టను ఆపడానికే మ్యూర్ తన చివరి ఏళ్ళు వెచ్చించారు. ఆసియా వాసుల వలసలను కెంట్ బాహాటంగా వ్యతిరేకించారన్నదీ చరిత్రే. 2021లో ఇక్కడి రేంజర్లు చరిత్ర బోర్డు మీద పసుపు చీటీల్లాంటివి అతికించి, అడవిని కాపాడడంలో మహిళా సంఘాలు చేసిన కృషిని, అంతకుముందు ఇక్కడ నివసించిన కోస్ట్ మివోక్ ప్రజలను, కెంట్ గురించిన ఈ చేదు నిజాలను చేర్చారు. 2025లో వాటిని తీసేశారు. ఉంచవలసిందని నా అభిప్రాయం. ఒక మనిషి మంచి పని చేశాడని ఒప్పుకుంటూనే అతని మిగతా లెక్క కూడా చదవగలిగే తెలివి సందర్శకులకు ఉంటుంది.

నాకు ఇంకా నచ్చినది వాగు. 1930లలో ఒడ్డు కోసుకుపోకుండా రెడ్‌వుడ్ క్రీక్‌కు ఇరువైపులా బండరాళ్ళు పేర్చి గోడలు కట్టారు, పడిన దుంగలను ఎప్పటికప్పుడు తొలగించేవారు. చూడడానికి శుభ్రంగా ఉండేది గాని, సముద్రం నుంచి వచ్చి ఇక్కడ గుడ్లు పెట్టే కోహో సాల్మన్ చేపల పిల్లలకు వరదలో తలదాచుకునే మడుగులు లేకుండా పోయాయి. ఈమధ్య ఆ రాళ్ళను చాలావరకు తీసేసి, దుంగలను కావాలనే వాగులో వదిలారు. రెండో వంతెన దగ్గర ఒంగి చూస్తే, అడ్డంగా పడిన ఒక దుంగ నీడలో వేలెడంత చేపపిల్లలు ప్రవాహానికి ఎదురుగా కదలకుండా నిలిచి ఉన్నాయి. అవి కోహోలా, స్టీల్‌హెడ్‌లా అన్నది చెప్పేంత చూపు నాకు లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నీళ్ళు తప్ప తినేవి ఏవీ లోపలికి తీసుకువెళ్ళకూడదు, పిక్నిక్ చేసుకోనివ్వరు. నియమం సరైనదే గాని తెల్లవారుజామున లేచి పులిహోర కలిపిన మా అమ్మకు నచ్చలేదు. ద్వారం దగ్గర ఒక కెఫే ఉంది, అందులో మన నాలుకకు దొరికేది కాఫీయే. డబ్బా కారులో పెట్టుకుని మూడు మైళ్ళ దూరంలోని మ్యూర్ బీచ్‌కు వెళ్ళి అక్కడ విప్పాం. చలిగాలికి చేతులు వంకర్లు పోతున్నా మెతుకు మిగల్లేదు. ఇక విస్తీర్ణం చిన్నది. పెద్ద బాట వదిలి కొండ ఎక్కగలిగితే జనం పలచబడతారు గాని, ఎక్కలేనివారికి రెండు గంటల్లో అయిపోతుంది. దీని కోసమే లాస్ ఏంజిలిస్ నుంచి కారు వేసుకుని రమ్మని నేను ఎవరికీ చెప్పను.

సమయం ఉన్నవారికి వేరే దారులు ఉన్నాయి. సొనోమా కౌంటీలో గెర్న్‌విల్ పక్కనున్న ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్స్‌లో 300 అడుగులు దాటిన చెట్టు ఉంది, జనం ఇక్కడికన్నా బాగా తక్కువ, పిక్నిక్ బల్లలు కూడా ఉన్నాయి; పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి రెండో ఎంపికగా దాన్నే చెబుతాను. 2020 ఆగస్టు మంటల్లో దాదాపు మొత్తం కాలిన బిగ్ బేసిన్ అనే మరో రెడ్‌వుడ్ పార్కులో ఇప్పుడు నల్లటి మానుల నిండా పచ్చని చిగుళ్ళు మొలుస్తున్నాయి. ఈ చెట్టు ఎంత మొండిదో తెలుసుకోవాలంటే అక్కడికి వెళ్ళాలి. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన చెట్టు, 380 అడుగుల హైపీరియన్ ఉన్నది దూరాన ఉత్తరాన, రెడ్‌వుడ్ నేషనల్ పార్కులో. దాని దగ్గరికి మాత్రం వెళ్ళకండి. చూడవచ్చిన జనం తొక్కిడికి చుట్టూ నేల పాడైపోవడంతో 2022 నుంచి ఆ చోటు మూసేశారు, వెళితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

శనివారం మధ్యాహ్నపు మ్యూర్ వుడ్స్‌కు నేను ఐదులో రెండున్నర నక్షత్రాలకు మించి ఇవ్వను. మంగళవారం పొద్దున ఎనిమిది గంటల మ్యూర్ వుడ్స్‌కు ఐదూ ఇస్తాను. గట్టి వానలు పడ్డాక డిసెంబరు, జనవరుల్లో కోహోలు సముద్రం నుంచి ఈ వాగులోకి ఎదురీదుకుంటూ వస్తాయి. అమ్మానాన్నలు అప్పటికి హనుమకొండ వెళ్ళిపోతారు. డిసెంబరులో మొదటి పెద్ద వాన పడ్డ వారం, ఏ రోజుకు దొరికితే ఆ రోజుకు, ఎనిమిది గంటల స్లాటే తీసుకుని మళ్ళీ వెళతాను. చేప కనబడితే ముందు వీడియో నాన్నకు పంపాలి, సిగ్నల్ కోసం కొండెక్కి.